తొంభై రెండో రోజు

తొంభై రెండో రోజు తెల్లవారుజామున కొమురవ్వ డ్యూటీకి బయల్దేరింది. కాలు నయమై కాదు, సెలవు అయిపోయి.

కుడికాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగితే లోపల కడ్డీ వేశారు. పైన కుట్లు మానాయి గానీ అడుగు వేసినప్పుడల్లా లోపల ఏదో కలుక్కుమంటోంది. భర్త బాలమల్లు బండి మీద కూర్చోబెట్టుకుని విత్తనాల ప్లాంటు గేటు దాకా తెచ్చి దింపాడు.

"మెల్లగ పో. ఎవరితోని లొల్లి పెట్టుకోకు" అన్నాడు.

పాతికేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన ఎన్నిసార్లు అని ఉంటాడో. కొమురవ్వ నోరు ఊరందరికీ తెలుసు. నల్లా దగ్గర ఆమె నిలబడి ఉందంటే వరుస తప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. నలభై నాలుగేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఏడో తరగతి దాకా చదివింది. ప్లాంటులో మొక్కజొన్న కంకులు ఏరే బెల్టు దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది.

ప్లాంటు గేటు పక్కన ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంటుంది. "ప్రమాదం లేని రోజులు" అని రాసి, కింద అంకె మారుస్తుంటారు. ఆ రోజు పదకొండు వందల నలభై మూడు అని ఉంది. కొమురవ్వ దాన్ని ఎప్పుడూ పట్టించుకుని చదివింది కాదు. ఆ రోజూ చదవలేదు. గోడ పట్టుకుని నడవడంలోనే ఆమె ప్రాణం ఉంది.

దెబ్బ తగిలింది డిసెంబరులో. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు నలుగురు ఆడవాళ్ళు జమ్మికుంట రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. ఊరికీ ప్లాంటుకూ రెండు కిలోమీటర్లు. రోడ్డు పక్కన మట్టి కోసుకుపోయి, తుమ్మ కంప పెరిగి, కాలు పెట్టే చోటు లేదు. అందుకని తెల్లగీత మీదనే నడవాలి. మంచు దట్టంగా ఉంది. చివర నడుస్తున్న కొమురవ్వకు వెనక నుంచి కోళ్ళ అరుపులు వినిపించాయి. ఇంత పొద్దున రోడ్డు మీద కోళ్ళేంటి అనుకునేలోపు కోళ్ళ వ్యాను ఆమెను ఈడ్చి కంపలో పడేసి వెళ్ళిపోయింది. ముందున్న వాళ్ళు నంబరు చూశారు. 108కి ఫోన్ చేశారు. పోలీసులు వచ్చి రాసుకున్నారు.

మూడో రోజు ఆస్పత్రికి సాగర్ వచ్చాడు. ప్లాంటు టైమాఫీసులో హాజరు, సెలవులు చూసే కుర్రవాడు. ముప్పై ఏళ్ళుంటాయి, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. కిలో బత్తాయిలు తెచ్చి మంచం పక్కన పెట్టాడు.

"అక్కా, గిది సెలవు కాగితం. నువ్వు సంతకం పెడితె బీమా నుంచి నీ జీతంల సగానికి మీదనే వస్తది. లేకపోతె ఆగిపోతది."

కాగితం ఇంగ్లీషులో ఉంది. కుడిచేతికి సెలైన్ సూది ఉండగానే ఆ చేత్తోనే కొమురవ్వ సంతకం చేసింది. పైగా "సల్లగుండు బిడ్డా" అని దీవించింది. తర్వాత తర్వాత ఆ దీవెన గుర్తుకొచ్చినప్పుడల్లా ఆమె నాలుక కొరుక్కునేది.

ఆ సెలవుకు గడువు ఏడాదికి తొంభై ఒక్క రోజులు. అది దాటితే పైసా రాదు. ఎనభై అయిదో రోజున సాగర్ ఫోన్ చేసి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారని చెప్పాడు. ప్లాంటు వాళ్ళు పంపిన ప్రైవేటు డాక్టరు కాలు మీద రెండు వేళ్ళు పెట్టి చూసి, పనికి పనికొస్తుందని రాసి ఇచ్చాడు. ఎక్స్‌రే తీయలేదు.

బెల్టు దగ్గర ఎనిమిది గంటలు నిలబడే పని. పొట్టు తీసిన కంకులు వరదలా వస్తుంటాయి. పురుగు తిన్నవీ, రంగు తేడా ఉన్నవీ ఏరి పక్కన వేయాలి. రెండు గంటలు గడిచేసరికి కొమురవ్వ పాదం ఉబ్బి చెప్పు పట్టీ కోసుకుపోయింది. నాలుగో గంటకు పక్కనున్న ఖాళీ సంచుల మీద కూలబడింది. సూపర్‌వైజరు సాగర్‌ను పిలుచుకొచ్చాడు.

"అక్కా, గీడ కూసునే పని లేదు గద" అన్నాడు సాగర్ మెల్లగా. "కాలు మంచిగనే ఉన్నది. నడుసుకుంటనే వచ్చినవ్."

ఆ నెలంతా అలాగే నడిచింది. మూడు రోజులు పనికి పోవడం, నాలుగో రోజుకు కాలు మొద్దులా వాచి మంచాన పడటం, రెండు రోజులు పండుకుని మళ్ళీ పోవడం. రాని రోజులకు జీతం లేదు. నెలాఖరున చేతికి ఒక కాగితం ఇచ్చారు. మాటిమాటికీ గైర్హాజరవుతున్నందున సంజాయిషీ ఇవ్వాలట. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన రాత్రి జ్వరం వచ్చింది. తెల్లారి బాలమల్లు ఆమెను కరీంనగర్‌లో బీమా దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ డాక్టరు అజ్రా. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉంటాయి. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు ఎత్తి చూసి, దించి, మళ్ళీ ఎత్తి చూసింది.

"ఎముక అతకలే. కడ్డీ కూడ వంగింది. గీ కాలు మీద నిలవడ్డది ఎవరు?"

"నేనే మేడం. డ్యూటీకి పోతున్న."

"ఎవరు పొమ్మన్నరు?"

"తొంభై ఒక్క రోజులు అయిపోయినయ్."

అజ్రా కుర్చీలో వెనక్కి వాలింది. "ఏ ప్లాంటు?"

కొమురవ్వ చెప్పింది. డాక్టరు లేచి బీరువాలోంచి ఆమె కాగితాలు తీసింది.

"మీ ప్లాంటోళ్ళు తొంభై ఒక్క రోజులు నా దగ్గరికొస్తరు. తొంభై రెండో రోజు నుంచి ఒక్కరు కనవడరు. ఒకామె తుంటి, ఒకాయన మోకాలు, ఇప్పుడు నువ్వు. అందరు రోడ్డు మీద నడుస్తుంటె దెబ్బ తాకినోళ్ళే. మొదట నేను అనుకున్న, అరె, ఏం గట్టి ఎముకలు వీళ్ళవి, లెక్కపెట్టుకొని అతుకుతయ్ అని." కాగితం తిప్పింది. "వ్యాను గుద్దినప్పుడు నువ్వు యాడికి పోతున్నవ్?"

"డ్యూటీకి."

"గీ కాగితంల సొంత పని మీద బజారుకు పోతుంటె అని ఉన్నది. కింద నీ సంతకం."

కొమురవ్వకు మొదట అర్థం కాలేదు. డాక్టరు పెన్నుతో ఆ ఇంగ్లీషు మాటల కింద గీత గీసి మళ్ళీ తెలుగులో చెప్పింది. డ్యూటీకి పోయే తోవలో దెబ్బ తగిలినా డ్యూటీలో తగిలినట్టే లెక్క. అట్లా రాసి ఉంటే తొంభై ఒక్క రోజుల గడువు ఉండేది కాదు, కాలు నయమయ్యేదాకా సెలవు ఉండేది, జీతంలో చాలా భాగం వచ్చేది. బజారు అని రాసినందుకు అది జ్వరం సెలవుతో సమానమైంది.

"అంటె నా ఎముక అతకకముందే నన్ను నిలవెట్టిన్రు" అంది కొమురవ్వ.

"నేను రాసిస్త. గీ కాగితం నకలు గూడ తీస్కపో. నువ్వు మళ్ళ ఆపరేషన్ చేయించుకోవాలె. కానీ ఆ బజారు మాట మారితేనే నీకు సెలవు దొరికేది. మార్చేది నేను కాదు, బీమా ఆఫీసు. పోయి కొట్లాడు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో కొమురవ్వకు ఆ రోజు తెలిసింది. బాలమల్లు ఇంటికి పోదామంటే వినలేదు. బండిని నేరుగా ప్లాంటుకు పట్టించింది.

టైమాఫీసులో సాగర్ టీ తాగుతున్నాడు. "నేను గా దినం బజారుకు పోయిన్నా?" అని అడిగింది కొమురవ్వ గుమ్మంలో నిలబడి.

సాగర్ గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, గట్ల అందరికి రాస్తం. ఒక తీరు ఉంటది."

"ఎవరు పెట్టిన తీరు?"

అప్పటికే లోపలి గదిలోంచి మేనేజరు కరుణాకర్ బయటికొచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. సంగతి విన్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"రోడ్డు ప్లాంటుది కాదు. గేటు లోపల ఏమన్నా అయితే మా జిమ్మేదారి. పొద్దున అయిదున్నరకు నువ్వు రోడ్డు మీద ఎందుకున్నావో మాకేం తెలుసు? సంతకం పెట్టింది నువ్వే. ఇప్పుడు పని చేయబుద్ధి కాక కథలు చెప్తే ఎట్లా?"

"నా మీద ప్లాంటు ఏప్రాన్ ఉన్నది సార్. నెత్తురు అయిన ఏప్రాన్‌ను మీరే మార్చి ఇచ్చిన్రు."

"పోయి పని చేసుకో, లేకుంటే రాజీనామా ఇవ్వు" అని ఆయన లోపలికి పోయాడు.

బయటికి వస్తూ కొమురవ్వ ఆ ఆకుపచ్చ బోర్డును మొదటిసారి పూర్తిగా చదివింది. ప్రమాదం లేని రోజులు పదకొండు వందల డెబ్బై నాలుగు. విత్తనాలు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు ఏడాదికోసారి వచ్చి ఆ బోర్డు ముందు ఫోటోలు దిగి, మేనేజరుకు శాలువా కప్పి పోతారు. ఆమె అక్కడే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. వాచ్‌మన్ తల దించుకున్నాడు. బాలమల్లు ఆమె భుజం పట్టుకుని బండి ఎక్కించాడు.

డాక్టరు చెప్పిన తుంటి విరిగిన ఆమె ఎవరో కొమురవ్వకు అడగకుండానే తెలుసు. లస్మవ్వ. వాళ్ళ వాడకు రెండు వాడల అవతల ఉంటుంది. పోయిన ఏడాది అదే రోడ్డు మీద ఇసుక ట్రాక్టరు గుద్దింది. మూడు నెలలు ఇంట్లో ఉండి పనికొచ్చింది, నెల తిరగకుండా మానేసింది. ఇప్పుడు ఇంట్లో బీడీలు చుడుతుంది. కొమురవ్వ సాయంత్రం దవాఖానలో ఇచ్చిన చంక కర్రలతో అక్కడికి పోయింది.

లస్మవ్వ అరుగు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని ఉంది. తలెత్తి చూసింది గానీ కూర్చోమనలేదు.

"అక్కా, ట్రాక్టరు గుద్దినప్పుడు నువ్వు యాడికి పోతున్నవ్?"

"డ్యూటీకి. ఇంకెక్కడికి పోత?"

"కాగితంల ఏం రాసిన్రో ఎర్కేనా?"

"ఇంగిలీషుల ఉండె. బత్తాయిలు తెచ్చిండు, పెట్టుమన్నడు, పెట్టిన."

కొమురవ్వ ఆగలేకపోయింది. "మరి గిన్ని దినాలు ఒక్క మాట చెప్తె ఏమాయె? నువ్వు చెప్పి ఉంటె నేను సంతకం పెట్టకపోదును గద!"

లస్మవ్వ కత్తెర కింద పెట్టింది. "నేను చెప్తె విన్నవా నువ్వు? బెల్టు కాడ నేను కూలవడ్డ దినం నా పక్కకే ఉన్నవ్. సూపర్‌వైజర్ వస్తె ఏమన్నవ్, యాదికున్నదా? 'మూడు నెలలు ఇంట్ల కూసొని తిన్నది సార్, పానం సుఖానికి మరిగింది' అన్నవ్. అందరు నవ్విన్రు. నేను తెల్లారి నుంచి రాలే."

కొమురవ్వకు గుర్తుంది. లస్మవ్వ కూర్చుంటే ఆమె ఏరాల్సిన కంకులు కూడా తన మీద పడుతున్నాయని ఆ రోజు మండిపడింది. ఆ మాట అన్నప్పుడు నలుగురూ నవ్వితే సంతోషం కూడా అయింది. ఎవరి ముందూ నోరు తగ్గించని మనిషి ఇప్పుడు అరుగు కింద చంక కర్రల మీద వేలాడుతూ మాట కోసం వెతుక్కుంది.

"తప్పయింది అక్కా."

"తప్పయితె తప్పయింది. తుంటి అతుకుతదా?" లస్మవ్వ మళ్ళీ ఆకు అందుకుంది. "ఇప్పుడు నీ కాలు నొచ్చింది గావట్టి నా తుంటి నీకు యాదికొచ్చింది."

కొమురవ్వ తిరిగి నడిచింది. ఇంటికి వచ్చేదాకా ఆమె కోపం మేనేజరు మీదికి పోయి, సాగర్ మీదికి పోయి, చివరకు తన మీదికే వచ్చి కూర్చుంది. అది ఎంతకీ దిగలేదు. రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున లేచేసరికి గుమ్మంలో పాలిథిన్ కవరు ఉంది. అందులో లస్మవ్వ సెలవు కాగితం, ఆస్పత్రి చీటీలు. లస్మవ్వ కొడుకు ఇచ్చి పోయాడని, మాటేమీ చెప్పలేదని బాలమల్లు అన్నాడు.

కొమురవ్వ మంచం మీద రెండు కాగితాలూ పక్కపక్కన పరిచింది. ఇంగ్లీషు ఆమెకు రాదు. కానీ డాక్టరు గీత గీసిన మాటలు ఎట్లా ఉంటాయో చూసి చూసి కంఠతా పట్టింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి పోల్చింది. అవే. తేదీ, పేరు తప్ప తేడా లేదు.

తర్వాత పోలీసు స్టేషనుకు పోయి తన కేసు కాగితం నకలు అడిగింది. రెండుసార్లు తిప్పించుకుని మూడోసారి ఇచ్చారు. అది తెలుగులో ఉంది. స్టేషను మెట్ల మీదే కూర్చుని చదివింది. "విత్తనాల ప్లాంటులో పనికి కాలినడకన వెళుతుండగా" అని ఉంది. నిజం ఇన్నాళ్ళూ ఒక ప్రభుత్వ కాగితంలో ఉండనే ఉంది. దాన్ని ఎవరూ తీసి చూడలేదు, అంతే.

మోకాలు విరిగిన మూడో మనిషి అంతయ్య. ప్లాంటులో మూటలు ఎత్తేవాడు. రెండున్నరేళ్ళ కింద కారు గుద్దింది. తర్వాత పని పోయి భైంసాలో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నది. బాలమల్లు తల పట్టుకున్నాడు. "పెద్దోళ్ళతోని మనకెందుకే? వంకర కాలుతోని భైంసా దాక పోతవా?"

"వంకర ఎవలు చేసిన్రు?" అంది కొమురవ్వ.

ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని జగిత్యాల మీదుగా నిర్మల్ పోయి, అక్కడ బస్సు మారింది. ఎండలు ముదిరాయి. కాలు చాపుకోవడానికి డ్రైవరు వెనక సీటు ఇచ్చారు. దారి పొడవునా ఊరు వచ్చినప్పుడల్లా రోడ్డు అంచున మనుషులు కనిపించారు. నెత్తిన గడ్డిమోపులతో, భుజాన బ్యాగులతో, చంకన పిల్లలతో తెల్లగీత మీద నడుస్తున్నారు. బస్సు హారన్ కొట్టగానే కంపలోకి ఒరుగుతున్నారు. ఆమె అంతకుముందు ఎన్నోసార్లు బస్సులో కూర్చుని, వీళ్ళు పక్కకు జరగరేం అని విసుక్కుంది.

అంతయ్య ఇల్లు పత్తి మిల్లుల వెనక సందులో ఉంది. పక్కింటి వాళ్ళు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. యాభై రెండేళ్ళ మనిషి అరవై అయిదేళ్ళ వాడిలా గోడ పట్టుకుని లేచి వచ్చాడు.

"సీజన్ల పత్తి కాటా కాడ కూసుండవెడ్తరు చెల్లె. గిప్పుడు సీజన్ లే. ఇంట్లనే."

కొమురవ్వ వచ్చిన పని చెప్పింది. అంతయ్య ముఖం మాడిపోయింది. "నాకు ఏం ఎర్క లే. కాగితాలు పారేసిన."

"అన్నా, నువ్వు బజారుకు పోయినవా గా దినం?"

మంచినీళ్ళు తెచ్చిన కూతురు అక్కడే నిలబడిపోయింది. "బాపూ, నువ్వు డ్యూటీకి పోతున్నవ్ గద? నేను సద్ది గట్టిచ్చిన."

అంతయ్య కూతురి వైపు చూడకుండా గోడకు జారగిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "నాకు చదివి చెప్పిన్రు చెల్లె. నేను తెలిసే పెట్టిన సంతకం. బజారు అని రాస్తె అల్లునికి డ్రైవర్ నౌకరి ఇస్తమన్నడు మేనేజర్. ఇయ్యలే. మోకాలు పాయె, నౌకరి పాయె. బిడ్డకు గూడ చెప్పలే నేను, సిగ్గయి."

ఆ మాట అని ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఏడుపు అనుకుంది కొమురవ్వ. కాదు. లోపలికి పోయి రేషన్ కార్డు సంచిలోంచి కాగితం తెచ్చి ఆమె ఒళ్ళో విసిరినట్టు పెట్టాడు. "తీస్కపో. పిలిస్తె వస్త. ఆని ముఖం మీదనే చెప్త."

కొమురవ్వ వేలు పెట్టి చూసింది. అవే మాటలు.

కొమురవ్వ ఇచ్చిన అర్జీ మీద బీమా ఆఫీసులో విచారణ మే నెలాఖరున జరిగింది. ఆఫీసరు చిన్న గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఒక వైపు కరుణాకర్, సాగర్. ఇంకో వైపు కొమురవ్వ, అంతయ్య. లస్మవ్వ రాలేదు.

"ఆమె స్వయంగా సంతకం చేసింది. మేమేం బలవంతం చేయలేదు" అన్నాడు కరుణాకర్.

ఆఫీసరు మూడు సెలవు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివాడు. పోలీసు కాగితం చదివాడు. "ముగ్గురూ బజారుకే పోతున్నారు. ముగ్గురూ పొద్దున ఆరు కాకముందే. ముగ్గురూ ఊరి నుంచి మీ గేటు వైపుకే. సాగర్ గారూ, ఆ వైపు ఏ బజారుంది?"

సాగర్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫోను వైపు చూశాడు.

"బజారు లేదు సార్" అన్నాడు సాగర్. "రాయమన్నట్టు రాసిన."

"నువ్వు రాసి తెచ్చినవి నేను నమ్మి పంపాను" అన్నాడు కరుణాకర్.

"సార్, అట్లనకుండ్రి. మొదటి కాగితం మీరే చెప్పి రాయించిన్రు" అన్నాడు సాగర్. ఆ గొంతు మెల్లగా లేదు.

"చాలు" అన్నాడు ఆఫీసరు. కొమురవ్వ వైపు తిరిగి, ఆమె చెప్పేదేమైనా ఉందా అని అడిగాడు. దారి పొడవునా ఆమె చాలా మాటలు కూడబెట్టుకొచ్చింది. తీరా నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"గేటు కాడ బోర్డు ఉన్నది సార్. ప్రమాదం లేని రోజులు అని. మా కాళ్ళు ఇరుగుతనే ఉన్నయ్, ఆ అంకె పెరుగుతనే ఉన్నది. మేము మనుషుల లెక్కల లేమా అని నేను అడుగుతున్న."

అంతయ్య తన వంతు చెప్పాడు, అల్లుడి నౌకరి సంగతితో సహా. కరుణాకర్ ఆయన ముఖం చూడలేదు.

కొమురవ్వ కాగితంలో బజారు మాట కొట్టేశారు. దెబ్బ తగిలిన రోజు నుంచి డ్యూటీ దెబ్బగా లెక్క వేశారు. జూన్‌లో రెండో ఆపరేషన్ అయింది. వంగిన కడ్డీ తీసి, నడుము దగ్గరి ఎముక కొంచెం తీసి అతికించారు. అజ్రా డాక్టరు ఈసారి తొంభై రోజులని గానీ వందని గానీ రాయలేదు. నేను చెప్పేదాకా నిలబడొద్దు అని రాసింది.

ప్లాంటులో సాగర్‌ను తీసేశారు. కరుణాకర్ అలాగే ఉన్నాడు. బోర్డు తీసేసి ఆ గోడకు సున్నం వేశారు. రోడ్డు పక్కన మాత్రం తట్టెడు మట్టి పోయలేదు, కంప కొట్టలేదు. ఆడవాళ్ళు తెల్లగీత మీదనే నడుస్తున్నారు.

అంతయ్యకూ లస్మవ్వకూ విడివిడిగా విచారణ పెట్టాలన్నారు. ఆలస్యమైంది కాబట్టి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదో చెప్పుకోవాలట. లస్మవ్వ విచారణ ఆగస్టులో వచ్చింది. పోనని మొండికేసింది. కొమురవ్వ ఆటో పిలిచి వాళ్ళ అరుగు ముందు ఆపి, దిగకుండా కూర్చుంది. అరగంట తర్వాత లస్మవ్వ చీర మార్చుకుని వచ్చి ఆ చివరన కూర్చుంది.

ఆఫీసరు అడిగాడు, "నొప్పి ఉంటే తొంభై రెండో రోజు పనికి ఎందుకు పోయావమ్మా? పోయి మళ్ళీ ఎందుకు మానేశావు?"

లస్మవ్వ కొంగు నలుపుకుంటూ కూర్చుంది. కొమురవ్వ నోరు తెరిచింది. ఆఫీసరు చెయ్యెత్తాడు. "ఆమెనే చెప్పనివ్వండి."

"పైసలు బందయితె పోయిన సార్" అంది లస్మవ్వ చివరకు. "నిలవడరాదు నాకు. గిప్పటికి గూడ బయటికి పోవాలన్నా కోడలు లేపాలె. పడుతె సిగ్గుతోని లేచిన. మల్ల పడ్డ. యాక్టింగ్ చేస్తుందన్నరు. అందరు నవ్విన్రు. గీమె గూడ నవ్వింది, ముందుగాల గీమెనే అన్నది. రాసుకోండ్రి."

ఆఫీసరు కొమురవ్వ వైపు చూశాడు.

"నిజమే సార్" అంది కొమురవ్వ. "నేనే అన్న. రాసుకోండ్రి."

ఆయన రాసుకున్నాడు. లస్మవ్వను మెడికల్ బోర్డుకు పంపుతామని, తుంటి ఎంత దెబ్బతిన్నదో వాళ్ళు తేలిస్తే నెలనెలా కొంత వచ్చే వీలుందని చెప్పాడు. ఎంతో, ఎప్పటికో చెప్పలేదు.

బయట వాన వెలిసింది. ఊరి బస్సు రోడ్డుకు అవతలి వైపు ఆగుతుంది. నాలుగు వరసల రోడ్డు. కార్లు, లారీలు, ఆటోలు, బండ్లు తెరిపి లేకుండా పోతున్నాయి. ఇద్దరూ అంచున నిలబడ్డారు. ఒక కారు గుంతలో నీళ్ళు వాళ్ళ మీద చిమ్మి పోయింది. కొంచెం సందు దొరికి అడుగు వేస్తే ఒక బండివాడు హారన్ కొట్టి, "చావనీకి నా బండే దొరికిందా" అని అరిచి పోయాడు. లస్మవ్వ వెనక్కి జరిగింది. పది నిమిషాలు గడిచాయి. అవతల బస్సు వచ్చింది, పోయింది.

కొమురవ్వ ఎడమ చంకలోని కర్ర తీసి రోడ్డుకు అడ్డంగా చాపి, కుడి కర్ర మీద బరువు మోపి నడిరోడ్డులోకి దిగింది. ముందు వచ్చిన కారు కీచుమని ఆగింది. వెనక వాహనాలు వరసగా ఆగాయి. కారు అద్దం దించి ఎవరో తిడుతున్నారు.

"తిట్టు" అంది కొమురవ్వ అతని ముఖంలోకి చూస్తూ. "గామె దాటేదాక తిట్టు. దాటినాంక నేను తిడ్త."

లస్మవ్వ దిగింది. తుంటి మీద చెయ్యి పెట్టుకుని, ఒక అడుగు వేసి ఆగి, ఇంకో అడుగు వేసి ఆగి నడిచింది. తొందరపడలేదు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె అవతలి అంచు ఎక్కి, వెనక్కి తిరిగి, "రాయే, ఇంక రా" అని పిలిచేదాకా కొమురవ్వ కర్ర దించలేదు.